వేడినీటి ఊరి మొక్కు

“జడ ఇప్పుకోమ్మా” అంది కత్తి పట్టుకున్న ఆమె.

విప్పింది మాత్రం తల్లి మునిరత్నమ్మ. ఉదయలక్ష్మి జడ అల్లాలన్నా విప్పాలన్నా ఆ ఇంట్లో హక్కు ఆమెదే. నగరిలో మరమగ్గాల ముందు నిలబడి తెగిన పోగులు అతుకుతూ ముదిరిన చేతులవి. చిక్కు ఎక్కడుందో ఆ వేళ్ళకు చూడకుండానే తెలుస్తుంది. కొండ మీద కల్యాణకట్టలో, తడి గచ్చు మీద వరసగా తలలు వంచుకుని జనం కూర్చుని ఉంటే, ఆమె తొందరేం పడలేదు. పాయ పాయా విడదీసి, చివర్లు చేత్తో దువ్వి, అప్పుడు పక్కకు జరిగింది.

కత్తి పట్టుకున్న ఆమె మగ్గుతో నీళ్ళు పోసి మాడు నానేలా రుద్దింది. నడుము దాటిన జుట్టును రెండు పాయలు చేసి చెరొక పక్క ముడివేసింది. టోకెనుతో పాటు ఇచ్చిన సగం బ్లేడును కత్తికి బిగించి, “గోవిందా అనుకోమ్మా” అంది. నడినెత్తి నుంచి ముందుకు మొదటి గీత పడింది.

“మూడు కత్తెర్లిస్తే సాలదా మా?” అని పొద్దున ఘాట్ రోడ్డు బస్సులో ఒకసారి అడిగి చూసింది ఉదయలక్ష్మి. ఆడవాళ్ళు చాలామంది అంతే ఇస్తారు. మూడు చోట్ల జుట్టు కొసలు కత్తిరించి మొక్కు చెల్లిందనుకుంటారు.

“మూడు కత్తెర్లని నేను మొక్కుకోలేదు మే. నిండు తల ఇస్తానంటిని. ఇస్తానని ఇయ్యకుండా సముద్రం దాటితే యాడో ఒకాడ తగులుతాది” అంది తల్లి. దేవుడికి బాకీ పెట్టుకోవడం మునిరత్నమ్మకు చేతకాదు. సోమవారం కూతురికి మంచి కబురొచ్చింది, బుధవారం తెల్లారేసరికి నగరి నుంచి తిరుపతి వచ్చి కూతురుండే హాస్టల్ గేటు ముందు నిలబడింది.

కత్తి నడుస్తుంటే నొప్పి లేదు. చలి ఉంది. తలకు ఇంత చలి తగలడం ఉదయలక్ష్మికి ఇదివరకు ఒక్కసారే తెలుసు. పోయిన మాఘమాసంలో, జపాను భాష ఇంకా నేర్చుకుంటూండగానే, అక్కడి వేడినీటి స్నానాల సత్రంలో పని చూసి రమ్మని భాష నేర్పే కేంద్రం వాళ్ళు పది రోజులు పంపారు. కొండల మధ్య చిన్న ఊరు. రోడ్డు పక్క కాలవల్లో కూడా నీళ్ళు పొగలు కక్కుతుంటాయి. సత్రంలో ఆడవాళ్ళందరూ ఒంటి మీద గుడ్డపేలిక లేకుండా ఒకే మడుగులో దిగి స్నానం చేస్తారని తెలిసి, ఈమె గదిలో బకెట్టు పెట్టుకుని రోజులు గడిపింది. చివరి సాయంత్రం సత్రం యజమానురాలు తనే వచ్చి పిలుచుకుపోయింది. డెబ్బై దాటిన మనిషి, అందరూ ఒకామి సాన్, అంటే యజమానురాలుగారు, అంటారు. ఈ పిల్ల నీళ్ళలో దిగి మెడదాకా మునిగేవరకూ కొండవైపు తిరిగి నిలబడింది. అక్కడ జుట్టు నీళ్ళకు తగలకూడదట. తువ్వాలుతో ఉదయలక్ష్మి జుట్టంతా పైకి చుట్టి ముడివేసి, “ఎంత బరువమ్మా!” అని నవ్వింది. ఒంటి చుట్టూ వేడి, నెత్తిన మంచు. “మళ్ళీ రా” అంది ముసలామె. వచ్చిన నాలుగు మాటల్లోంచి మర్యాదైనది ఏరుకుని “తప్పకుండా వస్తానండి” అంది ఉదయలక్ష్మి.

ఆ సత్రం ఈ ఏడు ఒక్క మనిషినే పనిలోకి తీసుకుంటుంది. ఆ ఒక్కరూ తనే. సోమవారం వచ్చిన కబురు అదే.

గుండు పూర్తయ్యాక మునిరత్నమ్మ కూతురి మెడ మీద అంటుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటే తీసేసింది. గంధం రాసింది. రాస్తూ రాస్తూ ఆగి, “ఎంత సిన్న తలకాయ మే నీది” అంది. “పుట్టినప్పుడు ఇట్లనే ఉంటివి.” నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం నవ్వలేదు.

దర్శనం చేసుకుని, అప్పగించిన ఫోన్లు తీసుకునేసరికి మధ్యాహ్నం దాటింది. ఫోను తెరవగానే సెన్సేయి సార్ నుంచి వరసగా కాల్సు. జపానులో గురువును సెన్సేయి అంటే చాలు. తిరుపతి పిల్లలకు సార్ అనకపోతే నోరు ఊరుకోదు, అందుకని ఆయన సెన్సేయి సార్ అయ్యాడు. చివర్లో ఆయన పంపిన మాట ఉంది: “శుక్రవారం పొద్దున సత్రం వాళ్ళు నిన్ను కంప్యూటర్‌లో చూసి మాట్లాడతారంట. చూసినాకనే కాగితాలు పంపుతారు. తెల్ల చొక్కా. జుట్టు నున్నగా దువ్వి ముడేసుకో.”

“ఏమంటమ్మే?” అంది తల్లి.

“ఏం లేదు మా. ఇంకోసారి మాట్లాడతారంట” అంది ఉదయలక్ష్మి. అరచేయి దానంతటదే తల మీదికి పోయింది. అక్కడ గంధం ఇంకా తడిగానే ఉంది.

*

తిరుపతిలో గుండును ఎవరూ తిరిగి చూడరు. బస్టాండులో గుండ్లు, రైల్లో గుండ్లు, హోటల్లో ఇడ్లీ తినే నలుగురిలో ఒకటి గుండు. పెళ్ళికూతురు గుండుతో కనబడినా ఈ ఊరు ఎందుకని అడగదు. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగి, ఒక గుండును చూసి నోరు తెరిచిన మొదటి మనిషి బహుశా సెన్సేయి సార్ మోహన్‌కృష్ణే అయి ఉంటాడు.

రేణిగుంట రోడ్డులో మేడ మీద ఆయన నడిపే జపాను భాష శిక్షణ కేంద్రం. గురువారం పొద్దున చెప్పులు గోడకు వరసగా పెట్టి, నడుము వంచి నమస్కారం చేసి, ఉదయలక్ష్మి లోపలికి వెళ్ళింది. కాఫీ గ్లాసు ఆయన నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

“ఏమ్మా ఇది?”

“మొక్కు సార్.”

“మొక్కంటే... ఒక్క మాట చెప్పకూడదా తల్లీ?”

“మీరు ఫోన్ చేసేటప్పటికి అయిపోయింది సార్. ఫోన్లు కౌంటర్లో ఇచ్చేసి లైన్లో ఉండినాం.”

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది ఉదయలక్ష్మికి. ఆరేళ్ళు జపానులో కార్ల సామాను చేసే ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చి, తను నేర్చిన భాషనే పెట్టుబడిగా పెట్టి ఈ కేంద్రం తెరిచాడు. పిల్లల్లో ఎవరికి జ్వరమొచ్చినా రసం అన్నం పంపించే మనిషి. ఇప్పుడు టేబుల్ మీద పెన్నులన్నీ ఒక వరసకు సర్దుతూ నెమ్మదిగా మాట్లాడాడు.

“పోయినేడు ఎవురో ఒక పిల్లోడు జబ్బు దాచిపెట్టి పోయినాడమ్మా. మన పిల్లోడు కాదులే, ఇంకో ఊరు. వాణ్ణి వెనక్కి పంపినారు. అప్పట్నించి సత్రాలోళ్ళకు భయం పట్టుకోనుండాది. నిన్నిట్ల చూస్తే వాళ్ళకేం తోస్తాది చెప్పు? పెద్ద జబ్బుకు మందులు వాడతాండాది, జుట్టంతా రాలిపోయింది అనుకుంటారు.”

“మొక్కని నేను చెప్తాను సార్. ఆ మాటలు నాకొచ్చు.”

“నువ్వు చెప్పేలోపల వాళ్ళు చూసేసుంటారు. కంటితో చూసినాక చెవికెక్కదు.”

“గుడ్డ కట్టుకుంటే?”

“తీయమంటే?”

“విగ్గు...”

“అది అబద్ధం. వాళ్ళకు అబద్ధం గిట్టదు. నా మాట విను. ఇన్నాళ్ళ కష్టం తిరుపతి క్షవరం అయిపోతాది...” అని నాలిక కరుచుకున్నాడు. సగంలో ఆగిన ప్రతి పనికీ ఈ దిక్కున వాడే మాటే, పాపం, అలవాటుగా దొర్లేసింది. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

“నీ బదులు మన నందితను కూసోబెడతానమ్మా” అన్నాడు. “నీకు సొంత కారణాలు అడ్డమొచ్చినాయని వాళ్ళకు రాస్తా. నువ్వు వచ్చే ఏడు పోదువులే.”

“వచ్చే ఏడు ఆ సత్రం మనిషిని తీసుకుంటాదా సార్?”

ఆయనకు తెలియదు. ఇంకో పెన్ను సర్దాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. సత్రం కాదనలేదు, జపాను కాదనలేదు, ఏడుకొండలవాడసలు కాదనలేదు. గుండు పనికిరాదన్నది తిరుపతి మనిషి, కిటికీ తెరిస్తే కొండ కనిపించే గదిలో కూర్చుని.

ఆ తరవాత అడిగింది ఇంకా కష్టమైన సంగతి. నందితకు భాష అంతంత మాత్రం. రేపు నోరు పెగలకపోతే ఆ సత్రం ఈ కేంద్రం వైపు మళ్ళీ చూడదు. వెనక వచ్చే పిల్లలకు దారి మూసుకుపోతుంది. “నువ్వు ఎదురుగా, వాళ్ళకు కనపడకుండా కూసోని, జవాబులు బోర్డు మీద రాసి చూపిస్తావా తల్లీ?” అన్నాడు తల వంచుకుని.

కాదని లేచి రావలసింది. తనకు కూడా అది తెలుసు. కానీ ఆ గదిలో ఉంటే ఒకామి సాన్ గొంతైనా వినబడుతుందనిపించింది. ఆశ అంత చిన్నదైపోయాక మనిషి దేనికైనా ఒప్పుకుంటుంది.

“సరే సార్” అంది.

*

నందిత ఊరు తడ. ఉదయలక్ష్మి కంటే రెండేళ్ళు చిన్న, అక్కా అక్కా అని వెనకే తిరిగే పిల్ల. ఆ సాయంత్రం హాస్టల్ గదిలో మంచాలు గోడవైపు నెట్టి ఇద్దరూ నేల మీద చాప పరుచుకుని కూర్చున్నారు. బీరువా తలుపునే సత్రం గదికి ఉండే జరుపుడు తలుపు అనుకున్నారు.

“మోకాళ్ళ మీద కూసో. ముందు తలుపు చెయ్యి పట్టేంత తెరువు. ఆగు. ఇప్పుడు రెండో చెయ్యితో మిగతాది. ఒక్కసారే బర్రుమని లాగితే లోపల ఉన్నోళ్ళు ఉలిక్కిపడతారు.”

నందిత తెరిచింది. ట్రే బదులు అన్నం ప్లేటు పట్టుకుని లోపలికి జరిగింది. చాప అంచు తొక్కింది.

“అంచు తొక్కొద్దు, అక్కడ అది తప్పు. మళ్ళా.”

అక్కడి స్నానాల వాళ్ళు తొడుక్కునే నూలు అంగీ బదులు నందిత దుప్పటి చుట్టుకుంది. కుడి కొసను పైకి తెచ్చి మడిచింది. ఉదయలక్ష్మి గబుక్కున ఆ చేయి పట్టుకుంది. “ఎడమది పైకి రావల్ల. కుడిది పైకేసేది శవానికి. ఇది మాత్రం సచ్చినా మర్చిపోవద్దు.”

పట్టుకున్న ఆ చేతిని వదలడానికి ఒక్క క్షణం పట్టింది. చెప్పకుండా ఉంటే? ఈ ఒక్కటి చెప్పకుండా ఉంటే, వెళ్ళిన మొదటి రోజే ఈ పిల్ల శవంలా తయారై అందరి ముందూ నిలబడేది. ఆ ఆలోచనకు ఉదయలక్ష్మి ముఖం వేడెక్కింది. మంచి పిల్లననే ఇన్నాళ్ళూ తన గురించి తను అనుకుంది.

నందిత దుప్పటి పక్కన పడేసి ఏడుపు మొదలుపెట్టింది. “నేను పోనని చెప్పేస్తానక్కా. ఇది నీది.”

“మీ నాయనకు ఫోన్ చేసినావా?”

“చేసినా.”

“ఏమన్నాడు?”

“సంతోషం పట్టలేకపోయినాడక్కా. ఏడ్చినాడు.”

ఉదయలక్ష్మి ఆ దుప్పటి తీసి దులిపింది. “లే. మళ్ళా కట్టుకో. ఎడమది పైకి.”

*

శుక్రవారం పొద్దున తెల్ల చొక్కాలో నందిత ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. జుట్టు నూనె రాసి నున్నగా ముడివేసి ఉంది, వేసింది ఉదయలక్ష్మే. పక్కన ఒక ఖాళీ కుర్చీ, దాని పక్కన మోహన్‌కృష్ణ. ఉదయలక్ష్మి ల్యాప్‌టాప్ వెనక, వాళ్ళకు ఎదురుగా, ఒళ్ళో తెల్లబోర్డు పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. తెర ఆమెకు కనబడదు. నందిత కళ్ళజోడులో మెరుపుగా మాత్రం తెలుస్తోంది.

ముందు సత్రం తరఫు ఆఫీసు మనిషి మాట్లాడాడు. ఎందుకు రావాలనుకుంటున్నావు, పచ్చి చేప వాసన పడుతుందా, రోజంతా మోకాళ్ళ మీద కూర్చోగలవా. జపాను మాటల్ని తెలుగు అక్షరాల్లో గబగబా రాసి బోర్డు ఎత్తుతోంది ఉదయలక్ష్మి. నందిత చదువుతోంది. అరచేత్తో తుడవడం, మళ్ళీ రాయడం. అరచేయి నల్లబడిపోయింది. పని బాగా సాగుతోంది, అది ఇద్దరికీ తెలుస్తూనే ఉంది.

అప్పుడు వినిపించింది ఆ బొంగురు గొంతు.

“నందిత సాన్, వస్తున్నందుకు సంతోషం. ఒక్క సంగతి అడగాలి. ఉదయ సాన్ ఎందుకు రావడం లేదు?”

మార్కరు పట్టుకున్న చేయి ఆగిపోయింది. నందిత బిత్తరపోయి బోర్డు వైపు చూసింది. బోర్డు ఖాళీగా ఉంది.

“సొంత కారణాలని రాశారు, చదివాను” అంటోంది ఒకామి సాన్. “ఒంట్లో బాగుంది కదా? ఆ అమ్మాయికి చలెక్కువ. వేడినీటి గొట్టం గోడలోంచి వెళ్ళే గది ఒకటి ఉంది, చలికాలంలో వచ్చినప్పుడు చూసింది. అది ఆమెకని ఉంచాను. మొన్నే గోడకు కాగితం కూడా కొత్తది అంటించాను. నాకు అంత బాగా రాలేదు, మూల కాస్త ముడతపడింది. ఆమె నవ్వుతుందిలే అనుకున్నాను.”

మోహన్‌కృష్ణ ముఖంలో ఏదో కదిలింది. ఆయనకు ఆ మాటలన్నీ అర్థమయ్యాయి, ఉదయలక్ష్మికి అర్థమైనంతగా. ఉదయలక్ష్మి వైపు చూశాడు. తర్వాత తన కుర్చీ కొంచెం వెనక్కి జరిపి, మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీ వైపు కళ్ళతో చూపించాడు. రమ్మనే ఆ చూపు. పోతే పోనీ, వచ్చి కూర్చోమనే.

అడ్డం తొలగిపోయింది. నాలుగడుగులు వేస్తే ఒకామి సాన్ ముందుంటుంది. మొక్కుకు జపాను మాట నోట్లోనే ఉంది.

ఉదయలక్ష్మి సగం లేచింది. లేస్తుండగా చేయి తల మీదికి పోయింది. అప్పుడే మొలుస్తున్న వెంట్రుకలు అరచేతికి గరుకుగా గుచ్చుకున్నాయి. తువ్వాలు చుడుతూ ఎంత బరువని నవ్విన ఆ ముఖం, ఇప్పుడీ తలను చూసి ఎలా మారుతుందో కళ్ళకు కట్టింది. ముందు నోరు తెరుచుకుంటుంది. తర్వాత జాలి వస్తుంది. ఎన్ని మాటలు చెప్పినా ఆ జాలి పోదు.

ఆమెకు సిగ్గేసింది. నిన్నటి నుంచి సార్ మీద రగిలిపోయిన మనిషి, నా తలకేం తక్కువని తనలో తనే వాదించుకున్న మనిషి, కనబడవలసిన ఒక్క క్షణంలో సిగ్గుపడింది. అమ్మ దువ్వి, దేవుడికిచ్చిన తల అది. అయినా సిగ్గేసింది. దానికి ఇంకో పేరు పెట్టడానికి లేదు.

స్టూలు మీద కూర్చుండిపోయింది. బోర్డు ఒళ్ళోకి లాక్కుని రాసింది. నేర్చుకున్న వాటిలోకెల్లా మర్యాదైన మాటలు ఏరి, ఒక్క తప్పు లేకుండా రాసింది. ఎత్తి పట్టుకుంది.

నందిత చదవడానికి చాలాసేపు తడబడింది. ఆ జపాను మాటలకు అర్థం ఇది: “ఉదయ రాలేకపోతోందండి. ఇంటి దగ్గర అవసరం పడి ఉండిపోయింది. మాట తప్పినందుకు క్షమించమని మిమ్మల్ని వేడుకుంటోంది.”

చివరి వాక్యం ఎవరూ రాయమనలేదు.

“అలాగా” అంది ఒకామి సాన్. “ఇంట్లో వాళ్ళకు అవసరమైతే ఉండాలి మరి. మంచి పిల్ల” అంది. గొంతు సవరించుకుంది. “నందిత సాన్, మీకూ చలెక్కువేనా?”

దీనికి బోర్డు అవసరం లేకపోయింది. “అవునండి” అంది నందిత, ఏడుపు ఆపుకుంటూ.

“అయితే ఆ గది మీరు తీసుకోండి.”

ఉదయలక్ష్మి బోర్డును అరచేత్తో కాకుండా చొక్కా చేతితో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది. మోహన్‌కృష్ణ తెర ముందు నడుము వంచి నమస్కారం చేసి, తల ఎత్తకుండా అలాగే ఉండిపోయాడు.

*

మునిరత్నమ్మ కింద మెట్ల మీద కూర్చుని ఉంది. రెండు రోజులు తిరుచానూరులో పూలమ్మే వాళ్ళ అక్క ఇంట్లో ఉండి, ఈ మాట కూడా అయ్యాక ఊరికి పోదామని పొద్దున్నే వచ్చేసింది. కూతురు దిగి రావడం చూసి లేచి, ఎండ తగలకుండా తన చెంగు తీసి ఆమె తల మీద కప్పింది.

“ఏమనిరి?”

“నందితను తీసుకున్నారు మా. ఒకరికే చోటంట.”

మునిరత్నమ్మ చెంగు పట్టుకున్న చేయి అలాగే ఉండిపోయింది. తర్వాత చాలా చిన్నగా అడిగింది.

“గుండు సూసి వద్దనిరా మే?”

“లేదు మా. ఆమె నన్ను సూడనే లేదు.”

“నిజమే సెప్పు.”

“నిజమే మా. సూడనే లేదు.”

తల్లి కూతురి ముఖాన్ని వెతికింది. తెగిన పోగు కోసం వెతికినట్టు, కళ్ళు చికిలించి. అబద్ధం దొరకలేదు, లేదు గనక. పెద్దగా ఊపిరి వదిలింది.

“నిన్నట్నించి నాకు అన్నం దిగలేదమ్మే. నా మొక్కే నీకు అడ్డమొచ్చిందేమోనని. అక్క కూడా అనింది, తొందరపడితివే అని.” కళ్ళు తుడుచుకుంది. “దాని వల్ల కాదు గదా. సాలు. ఇంకేమైనా ఓర్సుకుంటా.”

ఉదయలక్ష్మి తల్లి సంచీ అందుకుంది. ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. మలుపు దగ్గర, మేడల మధ్య కొండ కనబడేచోట మునిరత్నమ్మ ఆగింది. చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. పెదవులు చాలాసేపు కదిలాయి. పక్కనుంచి జనం తోసుకుపోతున్నారు, ఆమెకు పట్టలేదు.

“ఏం మొక్కుకుంటివి మా?”

“వచ్చే ఏడన్నా ఆమె నిన్ను పిలిస్తే...” చెప్పులు వేసుకుంటూ అంది తల్లి. ముఖం తేటపడింది. “మళ్ళా నీ తలనీలాలు ఇస్తామని. నిండు తల. ఈసారి నాది కూడా.”

“పోయొచ్చినాక ఇద్దాం మా.”

“సీ! దేవుని బాకీ నెత్తిన పెట్టుకోని ఎవురన్నా సముద్రం దాటుతారా? పిలిసిన మర్నాడే ఇచ్చేయాల.”

అడ్డమొచ్చింది ఈ గుండేనని చెప్పడానికి ఉదయలక్ష్మి నోరు తెరిచింది. తల్లి తన వైపే చూస్తోంది. ఈ రెండు రోజుల్లో మొదటిసారి ఆ కళ్ళు కూడా నవ్వుతున్నాయి.

“సరే మా” అంది ఉదయలక్ష్మి.